పదునాఱు గళ్లలో మా యింటి హారతి

ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాసి యిమ్మని సంఘమువారు కోరినప్పుడు, మేము పూర్వపు గంజాము జిల్లాను గూర్చి గాని, 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడి బరంపురము మద్రాసు రాజధాని నుండి విడివడిన నాటి సంగతులను గూర్చి గాని వ్రాయుదుమని వారు తలచియుందురు. ఆ విషయములను మాకంటె బాగుగా నెఱిగినవారు ఇదివఱకే వ్రాసియున్నారు. మేము మా యింటిలో నిటీవల జరిగిన యొక చిన్న సంగతిని చెప్పదలచినాము. అది కంప్యూటరుపై సంగీతము కూర్చు నొక పనిముట్టునకు సంబంధించినది. ఈ వయసున వీరికి ఈ విషయమేల యని చదువరులు నవ్వవచ్చును. మేమును మొదట నవ్వితిమి, తరువాత కోపగించుకొంటిమి, ఆ తరువాత కొంత నేర్చుకొంటిమి. ఆ వరుసనే విన్నవించెదము.

మా తల్లిగారు ప్రతి శుక్రవారము సంధ్యవేళ చౌడేశ్వరీదేవికి హారతి యిచ్చుచు ఒక పాట పాడెడివారు. అది యే పుస్తకమునందును లేదు. ఆమె తన తల్లివద్ద నేర్చినది. ఆ తల్లి తన అత్తవారింట నేర్చినదట. ఆ పాటకు ఆనందభైరవి చాయ యున్నదని సంగీతము తెలిసినవారు చెప్పినారు. తాళము మిశ్రచాపు, అనగా మూడును నాలుగును కలిసి ఏడక్షరములు. మగ్గము దిగి, చేతులు కడుగుకొని, మా నాయనగారు వచ్చి నిలుచువఱకు ఆమె మొదటి చరణమునే తిప్పి తిప్పి పాడెడివారు. ఆయన వచ్చిన పిమ్మటనే రెండవ చరణము. ఆ తిప్పుటలో ఒకసారి పాడినట్లు మఱియొకసారి పాడుట మేమెన్నడును వినలేదు.

తల్లిగారు గతించిన పిదప ఆ పాట మా యక్కయ్యకు మాత్రమే మిగిలినది. ఆమెకిప్పుడు 84 ఏండ్లు. పదేండ్లుగా ఆమె పాడుట మానివేసినది. ఫోను ముందుంచి పాడుమని మేమెన్నోమార్లు బతిమాలితిమి. "గొంతు పోయిందిరా తమ్ముడూ. ఈ గొంతుతో పాడితే అమ్మ పాట పాడైపోతుంది. మీ చెవుల్లో ఉన్నది చాలు" అనెడిది. మా చెవులలో నున్నది నిజమే. కాని అది మాతోడనే పోవును గదా. సంగీతము నేర్చిన మా మేనకోడలొకతె, చాల యేండ్ల క్రిందట, అక్కయ్య కూనిరాగము తీయుచుండగా విని, ఆ పాటకు స్వరము వ్రాసి యొక నోటుపుస్తకమున నుంచినది. పాటకు మిగిలిన ఆధార మంతయు ఆ రెండు పుటలే.

మా మనుమడు బెంగుళూరున ఉద్యోగము చేయుచున్నాడు. రెండేండ్లకొకమారు మన యూర జరుగు బుఢీ ఠాకురాణీ జాతరకు సెలవు పెట్టి వచ్చెను. అమ్మవారు ఆడబిడ్డవలె పుట్టింటికి వచ్చు పండుగ యగుటచే, మన యిండ్లలోని పిల్లలును ఆ దినములలో ఎక్కడనున్నను వచ్చెదరు. ఇతడు ఒడియా చక్కగా వ్రాయును. తెలుగు మాటాడును గాని చదువలేడు. ఇది మా యింటి లోపమే. దీనికి మేము మఱి యెవ్వరిని ననలేము. ఉద్యోగము వేళ పోగా మిగిలిన కాలమున అతడు కంప్యూటరుపై సంగీతము కూర్చును. వీథిలో పులివేషమువారి డోలును ఫోనులో పట్టుకొని వచ్చి, "తాతా, దీని మీద ఇంట్లో పాట ఒకటి పెడదామనుంది. ముత్తవ్వ హారతి ఉంది కదా" యని యడిగెను.

నోటుపుస్తకము తీసితిమి. అతనికి తెలుగక్షరములు రావు గనుక మేము స, రి, గ, మ యని యొక్కొక్కటిగా చదువగా, అతడు తెరపై గళ్లలో నింపుచు వచ్చెను. అప్పుడే మే మా పనిముట్టును మొదటిసారి చూచుట. దానిని స్టెప్ సీక్వెన్సరు అందురు. తెరపై నొక వరుసలో 16 గళ్లుండును. ఒక వెలుగు ఎడమనుండి కుడికి గడిగడికి నడచును. నిండిన గడిమీదికి వెలుగు వచ్చినప్పుడు ధ్వని పుట్టును. ఖాళీ గడిమీద మౌనము. పదునాఱవ గడి దాటగానే వెలుగు మరల మొదటికి వచ్చును. నిమిషమునకు 120 దెబ్బల కాలప్రమాణమున, దెబ్బకు నాలుగు గళ్ల చొప్పున, ఒక్కొక్క గడి సెకనులో ఎనిమిదవ వంతు నిలుచును.

నేత యింట పుట్టినవారికి దీనిని వేఱుగా బోధింపనక్కఱలేదు. జకార్డు మగ్గముపై అట్టలదండ యుండును. ఒక్కొక్క అట్ట ఒక్కొక్క పేకపోగుది. అట్టలో రంధ్రమున్నచోట సూది లోనికి పోవును, కొక్కెము పట్టు దప్పక పడుగుదారమును పైకెత్తును. రంధ్రము లేనిచోట సూది వెనుకకు నెట్టబడును, దారము లేవదు. దండలోని కడపటి అట్ట కాగానే మొదటి అట్ట మరల వచ్చును, అంచుపై మరియొక బుటా మొదలగును. ఫ్రాన్సుదేశమున లియాను నగరమున జకార్డు అను నతడు ఈ యంత్రమును 1804 ప్రాంతమున వాడుకలోనికి దెచ్చెను. మా నాయనగారు అట్టలు తిరుగు చప్పుడును బట్టియే ఎక్కడ ఏ అట్ట చిరిగినదో చెప్పెడివారు. గళ్లపై వెలుగు నడచుట చూచినంతనే మాకు ఆ చప్పుడు జ్ఞప్తికి వచ్చినది. "ఇంతేనా" యని నవ్వితిమి.

పిమ్మట అతడు మీట నొక్కెను. పాట వినబడెను. ఆ వినబడినది మమ్ము ముల్లువలె పొడిచినది. స్వరములన్నియు నోటుపుస్తకములో నున్నవే. ఒక్కటియు తప్పు లేదు. అయినను ప్రతి యావర్తము కడపట పాట యొకమారు కుంటి, నిలిచి, మరల నడచుచుండెను. మా తల్లిగారు గడపలో కాలు తట్టుకొని పడబోయినట్లు తోచెను. "ఇది అమ్మ పాట కాదు. ఆడుకోవడానికి నీకు ఈ పాటే దొరికిందా" యని గట్టిగా కేకలు వేసి మేము వీథియరుగు మీదికి పోయి కూర్చుంటిమి. కుంటు ఎక్కడ నున్నదో మాకు తెలియలేదు. తెలియనివారికి కోపము సులభము.

మేము అరుగుమీద నుండగా లోనిగదినుండి అక్కయ్య మాట వినవచ్చినది. ఆమె మంచముపై కూర్చుండి మోకాలిపై చేతితో తాళము వేసికొనుచున్నది. "ఒరే నాయనా, ఒకటి ఎక్కువైంది. ఏడే. ఏడు." మనుమడు ఆ గదిలోనికి పోయెను. ఆమె తెలుగులో సగము అతనికి తెలియదు. అతని తెలుగులో సగము ఆమెకు వినబడదు. కాని ఆమె వేళ్లపై మూడు లెక్కించి ఒక చఱపు, నాలుగు లెక్కించి మఱియొక చఱపు వేసి చూపెను. తకిట, తకధిమి. అతనికి వెంటనే తెలిసెను. ఏడక్షరములను అక్షరమునకు రెండు గళ్ల చొప్పున 14 గళ్లలో నింపి, మిగిలిన రెండు గళ్లను అతడు ఖాళీగా విడిచియుండెను. ఆ రెండు గళ్లే ఎనిమిదవ యక్షరము. యంత్రము 16 ఇచ్చినది గనుక 16 ఉండవలెనని అతడు భావించెను. వరుస నిడివిని 14కు తగ్గించెను. కుంటు పోయినది.

మనకు త్రిపుట మొదలగు ఏడు తాళములును, వానికి మూడు, నాలుగు, ఐదు, ఏడు, తొమ్మిది యని ఐదు జాతులును గలవు. ఏడైదులు ముప్పదియైదు. ఇన్ని లెక్కలు పెట్టుకొన్న సంప్రదాయమున పుట్టి, మేము గళ్లను చూచి పాటకు గళ్లేమిటి యని యీసడించుకొంటిమి. మన పాటయు గళ్లలోనే నడచినది. ఆ గళ్లు మోకాలిపై నుండినవి, అంతే భేదము.

లెక్క కుదిరిన పిదప మేము సిగ్గుపడుచు లోనికి వచ్చితిమి. అక్కయ్య మరల వినెను. విని తల యూపలేదు. "గాంధారం నిలబడిపోయిందిరా. అమ్మ గాంధారం నిలబడదు" అనెను. మనుమడు మావైపు చూచెను. మేము మాకు తెలిసినంత చెప్పితిమి: ఆ పాటలో గాంధారము తనచోట తాను కూర్చుండదు, మధ్యమము వైపునకు ఊగి మరల దిగును. నోటుపుస్తకములో దానికి 'గ' యని యొక్క యక్షరమే యున్నది.

అప్పు డతడు రెండవ వరుస తెఱచెను. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే. స్వరముల గళ్లకు దిగువ మఱియొక వరుస కలదు. అందు గడికొక నిలువుకడ్డీ. కడ్డీ యెంత యెత్తుగా నున్నచో ఆ గడిలో ధ్వని యంత మాఱును. ఏమి మాఱవలెనో మనమే నిర్ణయింపవలెను: బలమా, కాంతియా, శ్రుతియా. దీనిని మాడ్యులేషను అందురు. మనము చలన మందము. పై వరుస ఏ స్వరము పలుకవలెనో చెప్పును. క్రింది వరుస ఆ స్వర మెట్లు కదలవలెనో చెప్పును.

మొదట నతడు బలమును మార్చెను. ఒకటవ గడిలోను, ఏడవ గడిలోను కడ్డీలెత్తగా, మూడును నాలుగును వేఱువేఱుగా చెవికి తెలిసినవి. మిశ్రచాపు నడక వచ్చినది. తరువాత కాంతి. యంత్రములో పై నాదములను కోసివేయు వడపోత యొకటి కలదు. దానిని మూసిన ధ్వని 'ఊ' యన్నట్లుండును. క్రమముగా తెఱచిన 'ఆ' యన్నట్లు విప్పారును. గడిగడికి దానిని వేఱువేఱుగా తెఱచినచో ఒకే స్వరము నోరు మెదల్చుచున్నట్లు తోచును. ఇది విని అక్కయ్య కొంచెము చిఱునవ్వు నవ్వెను. కాని గాంధారము నిలుచుండియే యున్నది.

కడపట శ్రుతి. ఆ గాంధారము రెండక్షరములు నిలుచును. అనగా నాలుగు గళ్లు. నాలుగు కడ్డీలు పెట్టగా నాలుగు మెట్లు వినబడినవి. ఊగుట లేదు, మెట్లు దిగుటయే. అతడు అక్షరమును ఎనిమిది భాగములు చేసెను. అప్పుడు గాంధారమునకు 16 కడ్డీలు. మెట్లు చిన్నవైనవి గాని పోలేదు. మెట్ల యంచులను నున్నచేయు మీట యొకటి యుండగా దానిని త్రిప్పెను. ఎక్కువ త్రిప్పగా స్వరము మత్తుగొన్నట్లు తూలినది. తక్కువ త్రిప్పగా మరల మెట్లు. నడుమ నొకచోట ఊపు వచ్చినది. ఇక ఎంత దూర మూగవలెను? సాధారణ గాంధారమునకును శుద్ధమధ్యమమునకును నడుమ హార్మోనియముపై రెండు మెట్ల దూర మున్నది. అతడు ఆ దూరమంతయు నిచ్చెను. అక్కయ్య చేయి యడ్డముగా నూపెను. "అంత పైకి పోకూడదు. తాకీ తాకనట్టు." తగ్గించెను. "ఇంకా." తగ్గించెను. ఆమె వేలు గాలిలో ఒక చిన్న అల గీసెను. అతడు ఆ వేలిని చూచుచు కడ్డీలను దిద్దెను. ఒక గంటసేపు ఆ గదిలో గాంధారము తప్ప మఱియొక స్వరము లేదు. వీథిలో జాతర డోళ్లు మ్రోగుచునే యున్నవి.

అప్పటికి అది చాల దగ్గఱకు వచ్చినదని మాకు తోచినది. కాని రెండవ యావర్తము రాగానే అక్కయ్య మొగము చిట్లించుకొనెను. "రెండోసారీ అలాగే చేస్తాడేం? అమ్మ అలా చేసేది కాదు." యంత్రమున వరుస తిరిగి వచ్చునప్పుడు కడ్డీలును అట్లే తిరిగివచ్చును. మనుమడు నాలుగు ఆవర్తములకు నాలుగు వేఱు వరుసలు చేయుదునని, "రెండోసారి ఎలా ఉంటుంది మామ్మా?" యని యడిగెను. ఆమె వేలితో చూపబోయి ఆపెను. మరల చూపెను. వేలు చాలలేదు.

అప్పుడామె పాడినది.

గొంతు నిజముగానే పోయినది. పైస్థాయిలో ఊపిరి తెగినది. ఒక చరణమున మాట తడబడినది. కాని గాంధారము వచ్చినచోట మా ఒడలు గగుర్పొడిచినది. పదేండ్లుగా మేము అడిగి పొందలేనిది అదియే. పల్లవి కాగానే మనుమడు మెల్లగా, "మామ్మా, రికార్డు చెయ్యనా?" యని యడిగెను. మేము ఊపిరి బిగబట్టితిమి. ఆమె, "చెయ్యి. లేకపోతే నువ్వు ఆ తప్పే పదిమందికీ వినిపిస్తావు" అని చెప్పి, పమిట సర్దుకొని, మొదటినుండి రెండు చరణములును పాడెను. మొదటి చరణమును నాలుగుమార్లు తిప్పెను. నాలుగుమార్లును నాలుగు విధములుగా.

మేము బతిమాలినప్పుడు పాడని యామె ఇప్పుడేల పాడినది? ఈ ప్రశ్న మమ్ము చాలకాలము వెంటాడినది. మేమడిగినది జ్ఞాపకార్థము దాచుకొనుటకు. అందువలన ఆమెకు తన గొంతు పోయిన సంగతియే గుర్తుకు వచ్చెడిది. ఆ పిల్లవా డడిగినది పాటలో నొక తావు. అతడు తప్పు చేసి చూపెను. తప్పు వినిన పెద్దలు ఊరకుండలేరు. మగ్గమువద్ద గూడ నింతే: ఎట్లు నేయవలెనో చెప్పుమన్నచో మా నాయనగారు మాటాడెడివారు కారు, పోగు తప్పుగా వేసినచో తామే లేచి వచ్చి నాడె చేతబట్టెడివారు.

ఆ రాత్రి మాకు సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని జ్ఞప్తికి వచ్చినది. ఒక మిత్రుని యింట ఆ గ్రంథమును చూచియుంటిమి. 1904లో ఎట్టయపురమున అచ్చైనది. ఎట్టయపురము తమిళదేశమున నున్నది. గ్రంథము తెలుగు లిపిలో నున్నది. ఆ సంగతి మనవంటి బయటి తెలుగువారు మఱువరానిది. ముద్దుస్వామి దీక్షితులవారి కీర్తనలు మొదలైనవానికి స్వరము వ్రాయుచు, సుబ్బరామ దీక్షితులవారు స్వరాక్షరములతో తృప్తి నొందలేదు. అక్షరములపై చిహ్నములుంచిరి: కంపితమునకు అలవంటి గీత, జారునకు ఏటవాలు గీత, ఈ విధముగా ఒక్కొక్క గమకమునకు ఒక్కొక్క గుర్తు. స్వరమొక వరుస, చలనమొక వరుస. మా మనుమని తెరపై చలనము క్రింద నుండగా, దీక్షితులవారి పుటపై అది పైన నున్నది. మా మేనకోడలి నోటుపుస్తకమున స్వరములు మాత్రమున్నవి, చలనము లేదు. అందువలననే ఒక్క స్వరమును తప్పక యుండియు పాట మా యింటిది కాలేదు.

ఈ యంత్రము పుట్టుక గూర్చి మనుమడు చెప్పిన కొన్ని సంగతులను గూడ ఇచట పొందుపఱచుదుము. 1960ల నడుమ అమెరికాలో బుక్లా, మూగ్ అను నిద్దఱు వేఱువేఱుగా సింథసైజరులను నిర్మించిరి. వారి పరికరములలో గడికొక మీట గల వరుసలుండెడివి. ఆ మీటలు తొలినుండియు స్వరమునే గాక ధ్వని కాంతిని, బలమును గూడ మార్చుటకు పనికివచ్చెడివి. మన దేశమునకు ఇది ఆలస్యముగా రాలేదు. అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థలో 1969లోనే మూగ్ సింథసైజరుతో నొక సంగీతశాల నెలకొల్పబడినది. అచట మన దేశపు స్వరకర్తలు చేసిన ప్రయోగములు 2023లో ప్రపంచమునకు వినవచ్చినవి. 1981లో జపానులో వెలువడిన రోలాండు టీబీ-303 అను చిన్న పెట్టెలో 16 గళ్లును, గడిగడికి ఒత్తును, జారును గుర్తుపెట్టు సదుపాయమును నుండినవి. బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగు 1982లో దానితోడను, మఱికొన్ని యంత్రములతోడను పది రాగములను డిస్కో తాళముపై వాయించి గ్రామఫోను రికార్డుగా నిచ్చెను. నాడు దాని నెవ్వరును పెద్దగా పట్టించుకొనలేదు. 2010లో అది మరల వెలువడిన పిదప దేశదేశముల వారు వెదకి వినిరి. ఆయన 2015లో గతించెను. 1997లో బెల్జియమువారి ఫ్రూటీలూప్స్ అను సాఫ్ట్‌వేరు 16 గళ్లను సామాన్యుని కంప్యూటరుపైకి దెచ్చెను. జారునకు గుర్తుపెట్టవలెనని 1904లో దీక్షితులవారికి తోచినది, 1981లో జపానువారికి తోచినది. ఒకరి నొకరు ఎఱుగకయే ఒక్క యవసరమును గుర్తించిరి.

మఱునాడు మనుమడు అక్కయ్య గొంతును డోలును జతచేయుటకు కూర్చుండెను. డోలు 16 గళ్లది, పాట 14 గళ్లది. రెండును ఒక్కచోట మొదలై వెంటనే విడిపోవును. మరల ఎప్పుడు కలియును? మేము కాగితముపై లెక్క వేసితిమి: 16 ఏడుమార్లు తిరిగిన 112, 14 ఎనిమిదిమార్లు తిరిగిన 112. నూటపండ్రెండవ గడి ముగిసిన పిదప రెండును మరల ఒకేచోట అడుగు పెట్టును. మృదంగ విద్వాంసులు ముక్తాయింపు కట్టునప్పుడు వేయు లెక్కయు నిట్టిదే. డోలును పదునాలుగుకు కత్తిరింపనక్కఱలేదు, పాటను పదునాఱునకు సాగదీయనక్కఱలేదు. దేని లెక్క దానిదిగా నుండి, ఓపికపట్టినచో కలియును. బరంపురమున తరతరములుగా బ్రదుకుచున్న మనకు ఈ లెక్కను విడమఱచి చెప్పవలసిన పనిలేదు.

గాంధారమునకై రాత్రి యంత కష్టపడి నిలిపిన కడ్డీల నతడు తీసివేసెను. అక్కయ్య గొంతులో చలనము తనంత తానున్నది గదా. ఆ రెండవ వరుసను అతడు డోలు బలమునకు పెట్టెను. ఆమె గాంధారము వచ్చు గళ్లలో డోలు తగ్గును. గాంధారము దాటగానే లేచును. పెద్దవారు మాటాడునప్పుడు ఇంటి పిల్లలు గొంతు తగ్గించుకొన్నట్లుండెను. ఆ పనిముట్టునకు మా యింట తగిన పని అదియే యని మాకు తోచినది.

ఇదంతయు వ్రాయుటకు కారణ మొకటి కలదు. మన యిండ్లలో పిల్లలకు తెలుగు మాటలు కొన్ని మిగిలియున్నవి. అమ్మ, తాత, అన్నము, పండుగ, బంధువుల పిలుపులు. ఇవి పై వరుస. వానిని నోటుపుస్తకములలో వ్రాయించుచున్నాము, ఆదివారపు తరగతులలో వల్లెవేయించుచున్నాము. మంచిదే. కాని మన బరంపురపు తెలుగున కొక యాస యున్నది. ఒడియాతో కలిసిమెలిసి నడచుటచే వచ్చిన యొక తూగు ఉన్నది. ముసలమ్మలు బిడ్డను పిలుచునప్పుడు దీర్ఘమును ఎక్కడ విడుతురో, గదమాయించునప్పుడు ఎక్కడ త్రుంతురో ఏ పుస్తకమును చెప్పదు. అది క్రింది వరుస. అది లేక మాటలు మాత్రము మిగిలినచో, మా మేనకోడలి నోటుపుస్తకమువలె తప్పులేనివియు, మనవి కానివియు నగును.

కావున సంఘ సభ్యులైన కుటుంబములవారిని మే మొక్కటి వేడుకొనుచున్నాము. మీ యింట హారతియో, జోలయో, దంపుడు పాటయో తెలిసిన పెద్ద లున్నచో, వారి నూరక పాడుమని యడుగకుడు. పిల్లలచేత ఆ పాటను, వచ్చినట్లు, పాడింపుడు. యంత్రముపై నైనను సరే, గొంతుతో నైనను సరే. తప్పులు దొర్లనిండు. పెద్దలు తామే దిద్దుదురు. దిద్దునప్పుడు అనుమతి యడిగి ధ్వని పట్టుకొనుడు. పాట పేరుతోపాటు తాళమెన్ని యక్షరములో వ్రాసి యుంచుడు. స్వరము వ్రాయగలవారు దొరికినచో, ఏ స్వర మెక్కడ ఊగునో, ఎక్కడ జాఱునో, గీత గీసియైనను గుర్తు పెట్టింపుడు. పిల్లవానికి తెలుగక్షరములు రాకున్నను వాడు ఏడు లెక్కింపగలడు. అక్కడ మొదలుపెట్టవచ్చును. మా మనుమడు ఈ జాతర పిదప బెంగుళూరు పోయి, ఫోనులో మమ్ము అడిగిన మొదటి ప్రశ్న యిది: "తాతా, 'గ' ఎలా రాస్తారు?" ఒక కాగితముపై వ్రాసి ఫొటో తీసి పంపితిమి. ఇప్పటికి పదునొకం డక్షరములు నేర్చినాడు.

పాట పూర్తియైనప్పుడు అక్కయ్యకు వినిపించితిమి. చెవికి దగ్గఱగా ఫోను పెట్టుకొని రెండుమార్లు వినెను. చేయి మోకాలిపై తాళము వేయుచునే యున్నది. విని, ఫోను మా చేతికిచ్చి, "అమ్మ గొంతు కాదు. గాంధారం మాత్రం అమ్మదే" అనెను. తరువాత కొంచెము సేపు ఊరకుండి, "డోలు వాడెవడో బాగా కొట్టాడు" అని కూడ చెప్పెను.

ఇప్పుడు మా యింట ప్రతి శుక్రవారము హారతివేళ ఆ పాట మ్రోగుచున్నది. మొదటి రెండు వారములు అక్కయ్య ఊరక వినెను. మూడవ వారమున పాటతో గొంతు కలిపి, ఫోను పాడినదానికంటె వేఱుగా పాడినది.